ఒప్పుకొన్నవాని శిక్ష

ప్రతి గృహమునందును నడచు న్యాయవిచారణ యొకటి కలదు. ఉట్టిమీది పాలకుండ పగిలినది. పిల్లలు ముగ్గురు మూడు మూలల నిలిచియున్నారు. తల్లి వచ్చి “నిజము చెప్పినవానిని కొట్టను” అన్నది. నడిమివాడు ముందునకు వచ్చి “నేనే పగులగొట్టితిని” అన్నాడు. తల్లి యన్నమాట నిలుపుకొని, చెవి మెలిపెట్టి విడిచినది. సాయంకాలము తండ్రి యింటికి వచ్చి, సంగతి విని, “ఇంత తప్పునకు చెవి మెలిపెట్టుటయేనా?” యని బెత్తము తీసికొన్నాడు. మరుసటి వారము నేతిగిన్నె పగిలినపుడు తల్లి యెంత బుజ్జగించినను ఒక్కడును నోరు మెదపలేదు.

ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. కాని తల్లి స్థానమున మేజిస్ట్రేటును, తండ్రి స్థానమున హైకోర్టును, నడిమివాని స్థానమున నొక బండి నడుపువానినో, అడవిలో కట్టె కొట్టినవానినో నిలిపి చూడుడు. నేరమొప్పుకొన్నవానికి శిక్ష తగ్గవలెనా? తగ్గించినచో పైకోర్టు దానిని మరల పెంచవచ్చునా? ఒప్పుకొన్న పిమ్మట వాడు పైకోర్టునకు పోయి యేమి యడుగగలడు? ఈ మూడు ప్రశ్నలకు మనదేశమున సమాధానము దొరకుటకు మిగుల కాలము పట్టినది. దొరకిన సమాధానము నేటికిని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల సామాన్యునికి తెలిసినదని చెప్పజాలము.

మన ప్రాచీనులు దీనిని గూర్చి యాలోచింపలేదనుట పొరపాటు. వాది తన ఫిర్యాదు చెప్పిన పిమ్మట ప్రతివాది యీయదగిన యుత్తరము నాలుగు విధములని స్మృతికారులు నిర్ణయించిరి. ఔనని యొప్పుకొనుట సంప్రతిపత్తి, కాదనుట మిథ్య, ఔను గాని దానికి కారణమున్నదనుట ప్రత్యవస్కందనము, ఇది మున్నే తీర్పయిన వ్యవహారమనుట ప్రాఙ్న్యాయము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యీ విభాగమును చర్చించినది. ఆ గ్రంథమును 13వ శతాబ్దియందు కేతన తెనిగించెను. వ్యవహారమునకు నాలుగు పాదములున్నను సంప్రతిపత్తి వచ్చినచోట రెండు పాదములతోనే నడక ముగియును. సాక్షులతో పనిలేదు, ప్రమాణములతో పనిలేదు. మన నేటి కోర్టులలో “నేరము నొప్పుకొనుచున్నావా?” యని యడుగు ప్రశ్నకు ఇదియే పూర్వరూపము.

శిక్ష మాట యేమి? మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నొక లెక్క యున్నది. రాజు నెదుట ఋణము నొప్పుకొన్నవాడు నూటికి అయిదు చొప్పున దండము చెల్లింపవలెను. లేదని బొంకి పట్టుబడినవాడు దానికి రెట్టింపు చెల్లింపవలెను. ఒప్పుకోలునకు సగము తగ్గింపు అన్నమాట. ఆ యధ్యాయమందే దొంగను గూర్చిన విధి వేరుగా నున్నది. దొంగ తల విరియబోసికొని, రోకలి భుజమున వేసికొని, పరుగున రాజు నొద్దకు వచ్చి “నేనీ పని చేసితిని, నన్ను శిక్షింపుము” అనవలెను. రాజు కొట్టినను విడిచినను వాడు పాపమునుండి ముక్తుడగును. రాజు శిక్షింపవలసినచో శిక్షింపకున్న నా పాపము రాజునకే చుట్టుకొనును. ఋణగ్రస్తుని యొప్పుకోలు లెక్కకు సంబంధించినది. దొంగ యొప్పుకోలు మనస్సునకు సంబంధించినది. స్మృతికారుడు రెంటిని కలిపివేయలేదు. ఈ భేదమును మన యాధునిక శాసనకర్తలు కొంతకాలము మరచిరని నా యభిప్రాయము.

భారతమున శాంతిపర్వమందలి శంఖలిఖితుల కథ పాఠకులెల్లరు నెరిగినదే. తమ్ముడైన లిఖితుడు అన్న యాశ్రమమున నడుగకయే పండ్లు కోసికొని తిన్నాడు. అన్న చూచి, “ఇది దొంగతనము, రాజు నొద్దకు పోయి చెప్పి శిక్ష పొందుము” అన్నాడు. సుద్యుమ్నుడను రాజు లిఖితుని మాట విని, శిక్షించుటకు నాకెట్టి యధికారమున్నదో క్షమించుటకు నట్టి యధికారమే కలదు, విడిచితిని పొమ్మన్నాడు. లిఖితుడు ఒప్పుకొనలేదు, పట్టుబట్టి చేతులు నరికించుకొన్నాడు. పిమ్మట బాహుదానదిలో స్నానము చేయగా చేతులు మరల వచ్చినవి. పండ్లకు చేతులు నరకుట క్రూరమని నేటివారమందుము, అది యుక్తమే. కాని రాజు పలికిన వాక్యము నాకెప్పుడును జ్ఞాపకము వచ్చుచుండును. ఒప్పుకొన్నవాని యెదుట న్యాయాధిపతి చేతిలో రెండధికారములున్నవి. వానిలో నొక్కదానినే వాడుట యలవాటైపోయినచోట ఒప్పుకోలు వట్టి యుచ్చు.

ఆంగ్లప్రభుత్వకాలమున వచ్చిన 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 412వ సెక్షనులో నీ విషయమును రెండు ముక్కలలో తేల్చినది. ముద్దాయి నేరమొప్పుకొని, ఆ యొప్పుకోలుమీదనే సెషన్సు కోర్టుచేతగాని మొదటి తరగతి మేజిస్ట్రేటుచేతగాని శిక్షింపబడినచో వానికి అప్పీలు లేదు. అయితే శిక్ష హెచ్చుగా నున్నదనియో, శాసనవిరుద్ధముగా నున్నదనియో మాత్రము అప్పీలు చేసికొనవచ్చును. ఔనన్నవాడు మరల కాదనుటకు పైకోర్టునకు పోనేల యనుట యిందలి తర్కము. శిక్ష ఎంత యన్నది వాడొప్పుకొన్న సంగతి కాదు గనుక నా తలుపు మాత్రము తెరచి యుంచిరి. 1973 కోడు 375వ సెక్షనులోను, 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 416వ సెక్షనులోను ఈ విధియే స్వల్పమైన మార్పులతో నిలిచియున్నది. హైకోర్టే మొదట విచారించి శిక్షించినచో నాపాటి తలుపును లేదు.

ఆ 1898 కోడునకు 1923 సంవత్సరమున చేర్చిన యొక చిన్న నిబంధన విశేషమైనది. పైకోర్టు తనంతట తానుగాని ఇతరుల కోరికమీదగాని శిక్షను పెంచదలచి నోటీసు పంపినచో, ముద్దాయి “నాకు శిక్షయే తగదు, నేను నిర్దోషిని” అని చెప్పుకొనుటకు గూడ హక్కు పొందును. అనగా తండ్రి బెత్తము తీసినచో పిల్లవాడు “అసలు కుండ నేను పగులగొట్టలేదు, అమ్మ కొట్టనన్నది గనుక ఒప్పుకొంటిని” అని చెప్పుకొనవచ్చును. నేటి శాసనమున ప్రభుత్వము శిక్ష పెంపుదలకై అప్పీలు చేసినప్పుడు నీ హక్కు నిలిచియే యున్నది. ఇది తెలిసి వాడుకొన్నవారు మాత్రము కొలదిమంది.

ఒప్పుకోలునకు మరియొక ముఖము జాతీయోద్యమకాలమున కనబడినది. 1922 మార్చి 18వ తేదీన అహమ్మదాబాదులో గాంధీమహాత్ముడు రాజద్రోహనేరము నొప్పుకొని, తగ్గింపు నడుగక, శాసనము విధించు నత్యధికశిక్షను కోరెను. జడ్జి బ్రూంఫీల్డు, 1908లో తిలకునకు పడిన శిక్షను ఉదాహరించి, ఆరేండ్లు విధించెను. ప్రభుత్వము దానిని తగ్గించినచో తనకంటె సంతోషించువారుండరనియు చెప్పెను. అప్పీలు ప్రసక్తియే లేదు. లిఖితుని కథకు ఇంతకంటె దగ్గరి యుదాహరణము మన కాలమున దొరకదు. అయితే గాంధీ బారిస్టరు. తానేమి యొప్పుకొనుచున్నాడో, దానికి ఫలితమేమో, ప్రతి యక్షరమును ఎరిగినవాడు. శాసనము ఒప్పుకోలును గూర్చి తలపోయునపుడు ఇట్టివానినే మనసునందుంచుకొన్నట్లున్నది. కోర్టువాకిట నిలుచువారిలో నూటికెందరు ఇట్టివారు?

ఇక మన సీమకు వత్తము. జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములు 1948 వరకు నైజాము రాజ్యములోనివి. అచటి శాసనములు వేరు, కోర్టుభాష వేరు. 19వ శతాబ్ది చివర పారశీకమును తొలగించి ఉర్దూ నిలిపిరి గాని తెలుగు రైతునకు రెండును నొక్కటియే. నేరాంగీకారము ఇక్బాలు, అప్పీలు మురాఫా, నేరము మోపబడినవాడు ముల్జిము. ఇచట నొక వింత చెప్పక పోజాలను. మనము కోస్తా జిల్లాలనుండి రాష్ట్రమంతటను వాడుచున్న “ముద్దాయి” యను మాటకు ఆ భాషలో మూలార్థము వాది, ఫిర్యాదుచేయువాడు! తెలుగున నది తలక్రిందులై నిందితుడైనది. రైతు కోర్టున కేవిధముగా పోయినను చివరకు బోనులోనే నిలుచునని భాషయే తీర్మానించినదేమో. 1921లో హైదరాబాదున సంస్కారసభ యొకదానిలో నొక న్యాయవాది తెలుగున మాటలాడబూనగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. చదువుకొన్న వకీలునకే సభలో తెలుగు చెల్లనిచోట, చదువురాని ముల్జిము తెలుగున చెప్పిన “ఔను” ఉర్దూలో నెట్లు వ్రాయబడినదో యూహించుకొనవచ్చును.

కోర్టుకంటె ముందు గడీ యుండెను. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండజిల్లాలోనిది. విసునూరు దేశముఖు గడీయెదుట నిలువబడిన రైతు మొదట పలుకు మాట “బాంచెను, కాల్మొక్త”. తరువాత “తప్పయింది దొరా”. ఇది నేరాంగీకారమా? కాదు. అది నమస్కారము, ప్రాణభయమున నేర్చుకొన్న మర్యాద. చేయని తప్పునకును ఆ మాటయే, చేసిన తప్పునకును ఆ మాటయే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట విడువననుట, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకొరగుట, ఆ మాట పలుకనొల్లనివారి చరిత్రములు. కాని తరములుగా నాలుకపై నిలిచిన పలుకు ఒక యుద్యమముతో పోదు. నల్లకోటు తొడిగిన పెద్దమనిషి యెత్తైన పీఠముమీదనుండి “చేసినావా?” యని గద్దించినపుడు “తప్పయింది సారూ” అని యప్రయత్నముగా వచ్చునది ఆ పాత నమస్కారమే.

దీనికి తోడు తెలంగాణపల్లెలలో “తప్పు” అను మాటకు నేరమనియే గాక జుల్మానా యనియు నర్థము కలదు. కులపెద్దలు కూర్చుండి తప్పు వేయుదురు. వాడు తప్పు కట్టును. అంతటితో తప్పు చెల్లిపోయినది, వాడు మరల పంక్తిలోనివాడు. కట్టిన తప్పు మరునాడు వెంటరాదు. ఈ యలవాటుతో కోర్టునకు వచ్చినవాడు “ఒప్పుకొని పైకము కట్టిపొమ్ము” అనగానే కులపంచాయతి తీరుననే గ్రహించును. కోర్టులో చెల్లించిన తప్పు చెల్లిపోదు. అది రికార్డై నిలుచును. ఈ యర్థభేదమును ఏ శాసనగ్రంథమును వ్రాయలేదు గాని, ఈ ప్రాంతపు చిన్నకోర్టులలో జరుగు నన్యాయములో పెద్దభాగము దీనియందే యున్నదని నేను తలచుచున్నాను.

పోలీసు చర్య తరువాత 1949లో నల్లగొండలో స్పెషల్ ట్రిబ్యునళ్లు కూర్చున్నవి. తెలంగాణ రైతాంగపోరాటమునకు సంబంధించిన హత్యాభియోగములలో ఆగస్టు నెలలో పలువురకు మరణశిక్షలు పడినవి; హైదరాబాదు హైకోర్టు డిసెంబరులో వానిని స్థిరపరచెను. వీరు నేరమొప్పుకొన్నవారు కారు. అయినను మన ప్రశ్నతో వీరి గాథకు దగ్గరి సంబంధమున్నది. తమ పక్షమున వకీలు లేకయే విచారణ జరిగినదని వారు మొరపెట్టుకొనిరి. ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్టు వచ్చి వారి తరపున వాదించెను. సుప్రీంకోర్టు జనార్దనరెడ్డి కేసులో రెండు సంగతులు చెప్పెను. హైకోర్టు తీర్పు రాజ్యాంగమునకు ముందటిది గనుక అప్పీలు వినుట తన యధికారములోనిది కాదనుట యొకటి. వకీలు లేనంతమాత్రమున విచారణ తనంతట చెల్లకపోదనుట రెండవది. 1950 జనవరి 26వ తేదీకి కొలది వారముల ముందు వచ్చిన తీర్పగుటచే తలుపు మూసికొన్నది. తరువాత నా మరణశిక్షలు యావజ్జీవశిక్షలుగా మార్పబడినవి. ఆ మార్పు కోర్టు చేసినది కాదు, క్షమాధికారము చేసినది. సుద్యుమ్నుని రెండవ చేయి.

వకీలు లేకున్నను విచారణ చెల్లునన్న మాట ముప్పదియేండ్లకు పైగా దారిద్ర్యమునకు భారమై నిలిచినది. 1976లో రాజ్యాంగమున 39-ఏ యధికరణము చేరి ఉచితన్యాయసహాయమును రాజ్యముయొక్క ధర్మముగా చెప్పినది. 1979 నాటి హుసైనారా ఖాతూను తీర్పు దానిని నిందితుని హక్కుగా చేసినది. 1986లో సుఖ్‌దాసు కేసులో సుప్రీంకోర్టు, నిందితుడు అడుగలేదనుట సమాధానము కాదనియు, నీకట్టి హక్కు కలదని మేజిస్ట్రేటే చెప్పవలెననియు నిర్ణయించి శిక్షను కొట్టివేసెను. అడుగుటకే తెలియనివాడు అడుగలేదని వానిని నిందింపరాదుగదా.

ఒప్పుకోలు మరునాడు వెంటవచ్చుట యెంత ఘోరమో తెలియవలెనన్న క్రిమినల్ ట్రైబ్సు చట్టమును చూడవలెను. 1871లో మొదలై 1924లో తిరుగవ్రాయబడిన యా చట్టము కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులనినది. గుంటూరుజిల్లాలో సాల్వేషన్ ఆర్మీవారు నడపిన స్టూవర్టుపురము అట్టి ఎరుకలవారికై యేర్పడినదే. ఆ చట్టము 23వ సెక్షను ప్రకారము అట్టి కులమువాడు కొన్ని నేరములకు రెండవమారు శిక్షింపబడినచో ఏడేండ్లకు తక్కువ కాని కారాగారము, మూడవమారైనచో యావజ్జీవ ద్వీపాంతరము. మొదటిమారు ఎవడో బియ్యపుమూట విషయమున “ఒప్పుకొంటే నెలలో వస్తావు” అనగా ఒప్పుకొన్నవాడు తన యేడేండ్లకు తానే పునాదిరాయి వేసికొన్నాడు. ఆ నెలరోజుల శిక్ష హెచ్చు కాదు గనుక దానిపై అప్పీలునకు పోవలసినపని వానికి తోచదు. తోచినను ఒప్పుకోలు అడ్డము. ఆ చట్టము 1952లో రద్దయినది. పూర్వశిక్షను లెక్కించి కొత్తశిక్షను పెంచు పద్ధతి మాత్రము సాధారణశాసనమున నిలిచియే యున్నది.

స్వతంత్రభారతమున నీ ప్రశ్నను సుప్రీంకోర్టునకు తెచ్చినవి పెద్ద నేరములు కావు. నూనెకల్తీ మొదలగు నాహారపదార్థముల కేసులు. 1976లో మురళీధర్ మేఘరాజ్ లోయా కేసులో జస్టిస్ కృష్ణయ్యరు, వ్యాపారి నేరమొప్పుకొనుట, ప్రాసిక్యూషను తగ్గుట, మేజిస్ట్రేటు చిన్నశిక్షతో సరిపెట్టుట, ఈ ముక్కోణపు బేరమును తీవ్రముగా గర్హించెను. కల్తీ తిన్న గృహస్థు ఆ బేరమున లేడుగదా యన్నది ఆయన బాధ. 1980లో కాసంభాయి కేసులో జస్టిస్ భగవతి మరియొక వైపునుండి చూచెను. గుజరాతులో నొకడు తేలికశిక్ష దొరకునని నమ్మి ఒప్పుకొన్నాడు. హైకోర్టు శిక్షను పెంచినది. ఇట్టి యొప్పుకోలుమీది నేరనిర్ణయమే చెల్లదనియు, దానిని కొట్టివేసి విచారణ మొదటినుండి జరుపవలెననియు ఆయన తీర్పు. నిర్దోషి గూడ తేలికశిక్ష యాశచే ఒప్పుకొనునన్న భయము ఆ తీర్పులో ముఖ్యముగా కనబడును.

1983 నాటి తిప్పస్వామి కేసు మన పొరుగుననున్న కర్ణాటకమునుండి వచ్చినది. అజాగ్రత్తచే నొకని మరణమునకు కారణమైన యభియోగము. ముద్దాయి యొప్పుకొన్నాడు, మేజిస్ట్రేటు జుల్మానాతో విడిచెను, ప్రభుత్వము అప్పీలు చేయగా హైకోర్టు కారాగారము విధించెను. ఇదియే మన పాలకుండ కథ. తేలికశిక్ష యను మాటమీద నొకనిచే ఒప్పించి, పిమ్మట పైకోర్టులో శిక్ష పెంచుట రాజ్యాంగము 21వ యధికరణమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పెను. శిక్ష చాలదని పైకోర్టునకు తోచినచో చేయదగినదొక్కటే: నేరనిర్ణయమును రద్దుచేసి, కేసు వెనుకకు పంపి, వాడు నిర్దోషినని చెప్పుకొనుటకు మరల అవకాశమిచ్చుట. ఈ తీర్పును నేను పలుమారు చదివితిని. ఇంతటి సులభమైన న్యాయము 1983 వరకు చెప్పబడకుండుటయే యాశ్చర్యము.

అయితే అప్పీలులో నొప్పుకొని శిక్ష తగ్గించుకొనవచ్చునా? 1999లో ఉత్తరప్రదేశమునుండి వచ్చిన చంద్రికా కేసు దీనికి సమాధానము. క్రిందికోర్టున నేరము కాదని పోరాడి ఓడినవాడు హైకోర్టులో, నేరమును గూర్చి నేను వాదింపను, శిక్ష మాత్రము తగ్గింపుడని కోరగా, హైకోర్టు అనుభవించిన జైలుకాలముతో సరిపెట్టినది. సుప్రీంకోర్టు దానిని త్రోసివేసినది. అంగీకారము శిక్ష తగ్గించుటకు తనంతట తాను కారణము కాజాలదు. నేరముయొక్క స్వభావమును, పరిస్థితులను తూచి శిక్ష నిర్ణయింపవలెను. ఇంటివారిలో కొందరు “హైకోర్టుకు పోయి తప్పొప్పుకొంటే తగ్గిస్తారట” యని బంధువుల మాటవలన నమ్మి యున్నవాదము కూడ విడిచివేయుదురు. వారు తెలిసికొనదగిన తీర్పిది.

పాశ్చాత్యులు ఈ బేరమును బహిరంగముగనే యొప్పుకొనిరి. ఇంగ్లండున 2017 నాటి శిక్షానిబంధనల ప్రకారము మొట్టమొదటి యవకాశమందే ఒప్పుకొన్నవానికి మూడవవంతు, తరువాత నాల్గవవంతు, విచారణదినమున ఒప్పుకొన్నవానికి పదవవంతు తగ్గింపు. పశ్చాత్తాపమును వేరుగా తూతురు. ఈ తగ్గింపు మాత్రము కోర్టునకు సాక్షులకు శ్రమ తప్పించినందుకు ప్రతిఫలము. మనువు ఋణగ్రస్తునకు చెప్పిన లెక్క వంటిది. అమెరికాలో 2012 నాటి మిస్సౌరీ వర్సెస్ ఫ్రై తీర్పులో చెప్పిన సంఖ్యలు భయంకరములు: ఫెడరల్ కోర్టుల శిక్షలలో నూటికి 97, రాష్ట్రకోర్టుల శిక్షలలో నూటికి 94 ఒప్పుకోలుమీద పడినవే. అచట విచారణయే యపూర్వమైనది.

మనదేశమున లా కమిషను 1991లోను 1996లోను సిఫారసు చేయగా, 2006 జూలై 5నుండి ఒప్పందపు నేరాంగీకారము శాసనమున ప్రవేశించినది. ఏడేండ్లకు మించని శిక్షగల నేరములకే యిది వర్తించును. స్త్రీలపైన, పదునాలుగేండ్లలోపు పిల్లలపైన జరిగిన నేరములకు, దేశపు ఆర్థికసాంఘికస్థితిని దెబ్బతీయు నేరములకు వర్తింపదు. నిందితుడు తానై దరఖాస్తు పెట్టుకొనవలెను. వాడు నిర్బంధములేక వచ్చినాడా యని జడ్జి యేకాంతమున విచారింపవలెను. బాధితుడు గూడ కూర్చుండవలెను. కృష్ణయ్యరు చెప్పిన లోపము ఇచట దిద్దబడినది. 2024నుండి వచ్చిన సంహితలో మొదటిమారు నేరము చేసినవానికి, కనిష్ఠశిక్ష యున్నచో దానిలో నాల్గవవంతు, లేనిచో గరిష్ఠశిక్షలో నారవవంతు విధింపవచ్చునని తగ్గింపును పెంచిరి. అయితే ఈ దారిన పోయినవానికి సాధారణపు అప్పీలు లేనేలేదు. హైకోర్టులో రిట్టు, సుప్రీంకోర్టులో ప్రత్యేకానుమతి మాత్రమే. దారి కొత్తదైనను దానిన నడచినవారు మిక్కిలి తక్కువ. ఊరికే “ఒప్పుకొంటిని” అని చెప్పి పోవు పాతదారియే నేటికిని రద్దీగా నున్నది.

ఆ రద్దీని చూడదలచినవారు భూపాలపల్లిలోగాని మహబూబాబాదులోగాని కోర్టు వరండాలో నొక పూట నిలువబడిన చాలును. తాగి బండి నడపిన కేసు, గుడుంబా కేసు, అడవిలో కలప కేసు, పొరుగువానితో గెట్టుతగాదాలో చేయిచేసికొన్న కేసు. పోడు భూములున్నచోట అటవీనేరము పుట్టుటకు నాగలి చాలును. గుడుంబా కేసులో బోనెక్కువారిలో స్త్రీలు తరచుగా నుందురు. ఇంటిలో వండిపెట్టువారు లేరు, పిల్లలు బడినుండి వచ్చువేళ యగుచున్నది, వాయిదాకు మరల వచ్చుటకు కూలి పోవును. “ఒప్పుకొంటే ఇప్పుడే పోవచ్చు” అని ప్రక్కవాడెవడో అనును. ఆమె యొప్పుకొనును. ఆ నిమిషమున నది తెలివైన లెక్కయే; దానిని నేను నిందింపజాలను. కాని నాలుగేండ్ల తరువాత కొడుకు పోలీసు ఉద్యోగమునకు ఎంపికైనపుడు కాక, ఆమెకే అంగన్వాడీలో పని దొరకునట్లున్నపుడు, నాటి కాగితము బయటికి వచ్చును. అప్పటికి అప్పీలు గడువు గడచి పోయియుండును. గడువు సెషన్సు కోర్టునకు ముప్పది దినములు, హైకోర్టునకు అరువది దినములు.

శాసనము గ్రుడ్డిది కాదు. సమన్సు కేసులలో ఒప్పుకోలును నిందితుడు వాడిన మాటలలోనే సాధ్యమైనంతవరకు వ్రాయవలెనని 1973 కోడు 252వ సెక్షను, నేటి సంహిత 275వ సెక్షను చెప్పుచున్నవి. “తప్పయింది సారూ” అన్నచో “తప్పయింది సారూ” అనియే వ్రాయవలెను. అప్పుడు పైకోర్టు దానిని చదివి, ఇది నేరాంగీకారమా, నమస్కారమా యని తూచగలదు. అచ్చువేసిన ఫారమునందు ఒప్పుకొన్నాడని గీత గీచినచో తూచుటకేమియు మిగులదు. ఒప్పుకోలు సరిగా తీసికొనబడలేదని, నేరమేమో వానికి వివరింపబడలేదని చూపగలిగినచో, 375వ సెక్షను అడ్డమున్నను రివిజనులో హైకోర్టులు శిక్షలను రద్దుచేసిన సందర్భములు పెక్కు కలవు. అంగీకారమే లేనిచోట అంగీకారమువలని యడ్డును లేదు. పెద్ద సెషన్సు కేసులలో ఒప్పుకోలుమీద శిక్షింపుమని శాసనము నిర్బంధింపలేదు. శిక్షింపవచ్చును అని మాత్రమే యన్నది. హత్యాభియోగములందు ఒప్పుకోలును ప్రక్కనబెట్టి సాక్ష్యము వినుట మన న్యాయస్థానముల మంచి యలవాటు.

మరియొక సాధనమున్నది, ఒప్పుకొన్నవారి విషయమున దానిని వాడుట యరుదు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్సు చట్టము. మొదటిమారు చిన్ననేరము చేసినవానిని మందలించియో, సత్ప్రవర్తన పత్రము వ్రాయించుకొనియో విడువవచ్చును. అట్లు విడిచినచో నా నేరనిర్ణయమువలన కలుగు ననర్హతలు వానికి తగులవని 12వ సెక్షను చెప్పుచున్నది. శిక్ష హెచ్చని మాత్రమే అప్పీలు చేసికొనదగిన స్త్రీకి ఇది గొప్ప వాదము. నేరము కాదని చెప్పనక్కరలేదు. శిక్షకు బదులు ప్రొబేషను ఈయవలసియుండెనని చెప్పిన చాలును. శిక్షాపరిమాణమును గూర్చిన అప్పీలు ఒప్పుకొన్నవానికి తెరచియే యున్నదిగదా. అప్పీలుకోర్టునకును ఆ చట్టము వాడు నధికారము కలదు. ఈ త్రోవను నూరుమందిలో ఒక్కరైన నెరిగియుందురా యని నాకు సందేహము.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేరు జిల్లాలైనవి. కోర్టుల విషయమున నా వేర్పాటు 2022 జూనులో పూర్తియైనది. అంతవరకు ఈ మూడూళ్ల మేజిస్ట్రేటుల తీర్పులపై సెషన్సు అప్పీళ్లకు ఏబదినుండి డెబ్బది కిలోమీటర్లు వరంగల్లునకు పోవలసియుండెను. ఇప్పుడు జిల్లాకోర్టు ఆ యూళ్లలోనే యున్నది. జిల్లా న్యాయసేవాధికారసంస్థ కార్యాలయమును దానికి అనుబంధముగా నుండును. 1987 చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయమెంతయని యడుగక వకీలును ఉచితముగా నియమింపవలెను. ఆ సహాయము అప్పీలునకును చెల్లును. శిక్షపడిన దినమున తీర్పు నకలు ఉచితముగా నిందితుని చేతి కీయవలెను, అప్పీలునకు గడువు ఆ తీర్పు తేదీనుండి లెక్క.